ఫస్ట్ కాపీ వాచీ మొరాయిస్తే: ఇంట్లో విప్పాలా, షాపుకివ్వాలా, మిషనే మార్చాలా

మా అక్క పెళ్లికి బావ ఫ్రెండ్స్ అంతా తలా కొంత వేసుకుని బావకి ఒక వాచీ ఇచ్చారు, ఆకుపచ్చ డయలు, స్టీలు చైను, డయల్ మీద అందరికీ తెలిసిన స్విస్ కంపెనీ పేరు, చేతిలోకి తీసుకున్న వెంటనే అది డూప్లికేట్ అని నాకు తెలిసిపోయింది కానీ పెళ్లి పందిట్లో ఎవరు చెప్తారు, "బాగుంది బావా" అనేసి ఊరుకున్నా. తర్వాత జూన్‌లో ఒక సాయంత్రం బెంగళూరు సిల్క్ బోర్డ్ జంక్షన్ దగ్గర వానలో బైక్ మీద గంటసేపు ఇరుక్కుపోయి ఇంటికొచ్చేసరికి గ్లాసు లోపల ఆవిరి పట్టేసి టైమే కనపడట్లేదంట. రాత్రి పదకొండింటికి ఫోను. "ఒరేయ్, నువ్వు ఊరికే వాచీలు విప్పుకుంటూ కూర్చుంటావుగా, ఇది కొంచెం చూడరా." వెనక మూత మీద 300 మీటర్లు అని చెక్కుంది. మూత తిప్పితే లోపల ఉండాల్సిన నల్ల రబ్బరు రింగు గాడిలో లేనే లేదు, ఒక పక్కకి జరిగి మూత కింద నలిగి దారప్పోగులా అయిపోయింది.

అప్పట్నుంచి బెల్లందూర్ ఆఫీసులో, చుట్టాల్లో, పాత పీజీ బ్యాచ్‌లో ఎవరి డూప్లికేట్ వాచీ ఆగినా నా టేబుల్ మీదకే వస్తోంది. అందరూ అడిగేది ఒకటే, దీని మీద ఇంకో రూపాయి పెట్టొచ్చా వద్దా అని. ఎంతకి కొన్నావు అని నేను అడగను. లోపల మిషను ఏంటో చూస్తా, సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

అమ్మేవాళ్లు చెప్పే పేర్లని మాత్రం నమ్మకండి. ఫస్ట్ కాపీ, మాస్టర్ కాపీ, సెవెన్ ఏ, సూపర్ క్లోన్, వీటికి కొలత అంటూ ఏమీ లేదు, ఎవరి నోటికొచ్చింది వాళ్లు అంటారు. మెజెస్టిక్ నేషనల్ మార్కెట్‌లో నేను ఒకే ముక్కని రెండు షాపుల్లో చూశా, ఒకడు ఫస్ట్ కాపీ అన్నాడు, పక్కనోడు మాస్టర్ కాపీ అని ఎనిమిది వందలు ఎక్కువ చెప్పాడు, మూత విప్పి చూపించమంటే మాత్రం ఇద్దరూ కుదరదనే అన్నారు.

లోపల ఏముంది

సెకండ్ల ముల్లు సెకనుకొకసారి టిక్కు టిక్కుమని గెంతితే అది సెల్లు వాచీ, క్వార్ట్జ్. జారుతున్నట్టు కదిలితే ఆటోమేటిక్, అంటే సెల్లు లేకుండా చేతి కదలికతో నడిచేది. ఫోన్లో స్లో మోషన్ వీడియో తీసి చూస్తే సెకనుకి ఆరు చిన్న అడుగులు వేస్తోందంటే గంటకి 21,600 బీట్ల మిషను, ఎనిమిది వేస్తోందంటే 28,800 బీట్లది. ఈ ఒక్క లెక్కతో మూత తీయకుండానే చాలావరకు తేలిపోతుంది.

సెల్లు రకంలో కాస్త మేలైన కాపీలైతే సిటిజన్ గ్రూపు మియోటా 2035 వేస్తారు, మామూలువైతే పేరు లేని చైనా మిషను, ఏదైనా సరే సెల్లు ఎక్కువగా 626 సైజే. ఆరు బీట్ల ఆటోమేటిక్‌లో సర్వసాధారణంగా కనపడేది 2813, చైనాలో మియోటా 8215ని చూసి చేసింది. తమాషా ఏంటంటే 1961లో మన బెంగళూరులో హెచ్ఎంటీ వాచీల ఫ్యాక్టరీ మొదలైంది కూడా సిటిజన్ వాళ్ల సాయంతోనే, అంటే మా నాన్న చేతి హెచ్ఎంటీ జనతాకీ బావ చేతి డూప్లికేట్‌కీ ఎక్కడో దూరపు చుట్టరికం ఉన్నట్టే, ఒకటి ఒప్పుకుని నేర్చుకుంది, ఇంకోటి చూసి కాపీ కొట్టింది. ఎనిమిది బీట్లవి స్విస్ ఈటీఏ 2824కి చైనా నకళ్లు. ఇక డయల్ మీద చిన్న చిన్న గుండ్రాలుండే క్రోనోగ్రాఫులు, అంటే స్టాప్‌వాచ్ వాచీలు ఉన్నాయి, వీటి కథ వేరే చెప్తా.

ఇంట్లో చేసుకోగలిగినవి

సెల్లు మార్చడం ఎవరైనా చేసుకోవచ్చు. ఒకటే చూసుకోండి, ఎస్ఆర్626 అంటే సిల్వర్ ఆక్సైడ్, 1.55 వోల్టులు, అయిపోయేదాకా దాదాపు అంతే ఇస్తుంది. రోడ్డు పక్కన వేసేది చాలాసార్లు ఎల్ఆర్626 లేదా ఏజీ4, అది ఆల్కలైన్, సైజు అదే కాబట్టి సరిగ్గా కూర్చుంటుంది, కానీ వోల్టేజీ మెల్లమెల్లగా పడిపోతుంటుంది, కొన్నాళ్లకి కారిపోయి లోపల పచ్చగా తుప్పు పడుతుంది. "సెల్లేసి మూడు నెలలు కాలేదు, మళ్లీ ఆగింది" అనే కంప్లైంటుల్లో సగం ఇదే. సెల్లుని స్టీలు చిమటాతో రెండు వైపులా కలిపి పట్టుకోకండి, షార్ట్ అవుతుంది, ప్లాస్టిక్‌ది వాడండి.

చైను లింకులు తీయడం, చైనుని వాచీకి పట్టి ఉంచే స్ప్రింగ్ బార్ మార్చడం, వెనక మూత రింగు మార్చడం, అయస్కాంతం పట్టిన వాచీని సరిచేయడం, ఇవి కూడా ఇంట్లో అయ్యేవే. ఆటోమేటిక్ వాచీ ఉన్నట్టుండి రోజుకి ఐదు పది నిమిషాలు ముందుకి పరిగెడుతుంటే మొదట అయస్కాంతాన్నే అనుమానించాలి, ఫోను కవరు మాగ్నెట్టు, స్పీకరు, ట్యాబ్ మూత, వీటి పక్కన పెడితే లోపలి సన్నటి హెయిర్‌స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఫోన్లో కంపాస్ తెరిచి వాచీని దగ్గరికి తెస్తే సూది ఊగిపోతుంది, చాలావరకు అదే గుర్తు. ఆన్‌లైన్‌లో నీలం రంగు చిన్న డీమాగ్నెటైజర్ పెట్టె దొరుకుతుంది, బటన్ నొక్కి పట్టుకుని వాచీని మెల్లగా చెయ్యంత దూరం తీసుకెళ్లాక అప్పుడు బటన్ వదలాలి, పెట్టె మీదే ఉండగా వదిలేస్తే పాత అయస్కాంతం పోయి కొత్తది పడుతుంది. సెల్లు వాచీకి ఇది చేయొద్దు.

ఆవిరి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఊరి వానకి, బయట చెమట లోపల ఏసీ అనే ఆఫీసు బతుక్కి ఎక్కువగా దెబ్బతినేది దీనివల్లే. డూప్లికేట్లలో లోపలి స్టీలు బాగానే ఉన్నా రబ్బరు రింగుల దగ్గర కక్కుర్తి పడతారు, మూత కింద ఒకటి, పక్కన తిప్పే కీ లోపల ఒకటి, గ్లాసు చుట్టూ ఒకటి, ఈ మూడింట్లో ఏదో ఒకటి సరిగ్గా కూర్చోదు. తడిస్తే వెంటనే మూత తీయండి, రేపు చూద్దాంలే అనుకుంటే నీళ్లు ఆరిపోతాయి, తుప్పు ఉండిపోతుంది. డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లు వేసి అందులో ఒక రోజు పెట్టండి, కొత్త షూ పెట్టెల్లో వస్తాయి చూడండి అవే. బియ్యంలో పెట్టకండి, పిండి దుమ్ము లోపలికి పోతుంది. హెయిర్ డ్రయ్యర్ కూడా వద్దు, డయల్ మీద గంటల గుర్తులు చాలా కాపీల్లో గమ్ముతో అంటించినవే, వేడికి ఊడిపోయి ముళ్ల మధ్యలో తిరుగుతుంటాయి, నేను మా కొలీగ్ వాచీలో పన్నెండు దగ్గరి గుర్తు ఆరు దగ్గర పడుకుని ఉండగా చూశా.

ఆరిన తర్వాత రింగు కొత్తది వేయాలి, రకరకాల సైజుల రింగుల డబ్బా ఆన్‌లైన్‌లో వస్తుంది, పాతదాని వ్యాసం, మందం రెండూ కొలిచి వేయండి, మందం ఎక్కువైతే మూత పూర్తిగా బిగుసుకోదు. సిలికాన్ గ్రీజు వేలి కొసకి అంటీ అంటనట్టు రాసి రింగుకి పట్టించాలి అంతే, గోరింటాకు పెట్టినట్టు పెట్టకూడదు. తర్వాత ఒక చిన్న పరీక్ష, వాచీని చేతిలో కాసేపు గోరువెచ్చగా చేసి గ్లాసు మీద ఒక చల్లటి నీటి చుక్క వేసి నిమిషం ఆగి తుడవండి, లోపలి వైపు పొగమంచులా పడితే ఇంకా తేమ ఉంది. ఏమీ పడకపోయినా దాంతో ఈత కొట్టకండి, 300 కాదు కదా 30 అని రాసినదాన్ని కూడా నేను చేతులు కడిగేటప్పుడు తీసి పక్కన పెట్టమనే చెప్తా.

గీతలు పడిన గ్లాసుకి టూత్‌పేస్ట్ రుద్దమని అందరూ చెప్తారు, పాత హెచ్ఎంటీల మీద ఉండే యాక్రిలిక్ గ్లాసుకి అది పని చేస్తుంది, డూప్లికేట్ల మీద ఎక్కువగా ఉండే మినరల్ గ్లాసు మీద రుద్దితే చెయ్యి నొప్పి తప్ప ఏమీ రాదు. ఇక చెయ్యి దురద పెట్టి ఎర్రగా దద్దుర్లొస్తే అది కేసు లోహంలో నికెల్ వల్ల కావచ్చు, పూత ఊడి లోపల పసుపు రంగు కనపడిందంటే కింద ఇత్తడి, దీనికి రిపేరు లేదు, తీసేయడమే.

ఇంట్లో ముట్టుకోకూడనివి

నేను నేర్చుకున్నది దెబ్బ తినే. ఒక 2813లో వెనక తిరిగే అర్ధచంద్రం ముక్క, రోటరు, గరగరమంటోందని దాని స్క్రూ బిగిద్దామని కూర్చున్నా, నా స్క్రూడ్రైవర్ మొన ఆ గాడికి కొంచెం పెద్దది, జారి నేరుగా అటూ ఇటూ ఊగుతూ టైము నడిపే బ్యాలెన్స్ చక్రం మీద పడింది, హెయిర్‌స్ప్రింగు సేమ్యా ముద్దలా అయిపోయింది. గరగర పోయింది, వాచీయే పోయింది.

కీ బయటికి తీయడం కూడా యూట్యూబ్‌లో చూపించినంత తేలిక కాదు. చిన్న గుంట మీద నొక్కితే కీ ఊడొస్తుంది నిజమే, కానీ గట్టిగా నొక్కితే లోపలి లివరు దాని చోటు తప్పి, కీ మళ్లీ పెట్టినా పట్టదు, అప్పుడు ముళ్లు తీసి డయల్ తీసి సరిచేయాలి. ముళ్లు తీసి పెట్టడమనేది మొదటిసారి చేసేవాళ్లు పాడైపోయిన వాచీ మీదే నేర్చుకోవాలి. ఇంకోటి, రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారి మూడు మధ్య తారీకుని కీతో గబగబా మార్చకండి, ఆ టైములో తారీకు చక్రానికి పళ్లు తగిలి ఉంటాయి, బలవంతం చేస్తే విరుగుతాయి. పన్నెండింటికి మారాల్సిన తారీకు మధ్యాహ్నం మారుతోంది అనేవాళ్లు మాత్రం కంగారు పడొద్దు, ముళ్లు తిప్పి పన్నెండు గంటలు ముందుకి జరిపితే చాలు.

షాపా, కొత్త మిషనా

యశ్వంత్‌పుర వైపు ఒక పెద్దాయన ఉన్నారు, అద్దాల పెట్టె ముందు పెట్టుకుని ఫుట్‌పాత్ పక్కన చిన్న కొట్టు, కన్నడ తెలుగు కలిపి మాట్లాడతారు, కంటికి భూతద్దం పెట్టుకుని నా వాచీలన్నిటినీ తిట్టుకుంటూ చేస్తారు. బావ వాచీ ఇస్తే చూసి అన్నారు, "సార్, దీన్ని పూర్తిగా విప్పి కడిగి నూనె పెట్టాలంటే నా ఒక రోజు కూలి, ఆ కూలిలో ఇలాంటి మిషను కొత్తది వస్తుంది, ఏం చేయమంటారు?" లెక్క అంతే. ఖరీదైన అసలు వాచీకి సర్వీస్ చేయిస్తే అర్థముంది, 2813ని సర్వీస్ చేయించడం చిల్లుపడిన ప్లాస్టిక్ బిందెకి మాటు వేయించడం లాంటిది. చాలా కాపీ మిషన్లు ఫ్యాక్టరీ నుంచే నూనె సరిగ్గా లేకుండా వస్తాయి, కొన్ని చోట్ల పొడి, కొన్ని చోట్ల వరద. ఫోన్లో టైమ్‌గ్రాఫర్ అని వాచీ చప్పుడు విని కొలిచే యాప్ పెట్టి మైకు మీద వాచీ ఉంచితే యాంప్లిట్యూడ్, అంటే బ్యాలెన్స్ చక్రం ఎన్ని డిగ్రీలు ఊగుతోందో చూపిస్తుంది, పూర్తిగా కీ ఇచ్చాక 270 పైన ఉంటే సుబ్బరంగా ఉన్నట్టు, 200 కూడా లేదంటే లోపల ఎండిపోయిందో చెత్త ఉందో, దాన్ని సెట్ చేసి టైము సరిచేద్దామనుకోవడం దండగ.

మిషను మార్చేటప్పుడు 2813 పోతే ఇంకో 2813నే వేయించండి. అందరూ సీకో ఎన్‌హెచ్35 వేయిద్దాం అంటారు, అది మంచి మిషను, 24 జ్యుయెల్స్ (రాపిడి తగ్గించే చిన్న రాళ్లు), పూర్తిగా కీ ఇస్తే దాదాపు 41 గంటలు నడుస్తుంది, కీ లాగితే సెకండ్ల ముల్లు ఆగుతుంది, కాదనను. కానీ ఎన్‌హెచ్35 మందం 5.32 మిల్లీమీటర్లు, వ్యాసం 27.4, ఎనిమిది బీట్ల కాపీల్లో నకలు కొట్టిన అసలు 2824 చూస్తే మందం 4.6, వ్యాసం 25.6. సన్నటి కేసులోకి లావు మిషను తోస్తే మూత పట్టదు, పట్టినా కీ రంధ్రం ఎత్తు కలవదు, కీ వంకరగా రాసుకుంటూ తిరిగి ఆరు నెలల్లో విరుగుతుంది. డయల్ వెనక ఉండే చిన్న కాళ్లు కూడా కొత్త మిషను రంధ్రాల్లో కూర్చోవు, అప్పుడు కాళ్లు కత్తిరించి గమ్ము చుక్కలతో అంటిస్తారు, ఒక రోజు చెయ్యి దేనికో తగిలితే డయల్ మొత్తం గిర్రున తిరిగి మూడు గంటలు నాలుగు దగ్గరికి వస్తుంది. ముళ్ల రంధ్రాలు కూడా వేరు, 2824 సెకండ్ల ముల్లుది 0.25, ఎన్‌హెచ్35ది 0.20, వదులైన ముల్లు జారి గ్లాసు లోపల పడిపోవడం అలాగే జరుగుతుంది. ఇన్ని మార్చి పెట్టే డబ్బుతో ఎన్‌హెచ్35 పుట్టుకతోనే ఉన్న వాచీ కొనుక్కోవచ్చు.

సెల్లు వాచీకైతే ఆలోచించక్కర్లేదు, మిషను చచ్చిపోతే అదే నంబరు కొత్త మిషను వేయించండి, 2035 నెలకి ఇరవై సెకండ్లు అటూ ఇటూ నడుస్తుంది, లక్షల వాచీ కంటే టైము అదే బాగా చూపిస్తుంది, ఆటోమేటిక్ వాళ్లు కోపం తెచ్చుకున్నా నిజమే.

క్రోనోగ్రాఫు కాపీల్లో రెండు రకాలు. చవకవాటిల్లో ఆ చిన్న గుండ్రాలు ఒట్టి అలంకారం, లేదా బటన్ నొక్కితే వారం తారీకు మారతాయి, స్టాప్‌వాచ్ లేదు. ఖరీదైనవాటిల్లో వాల్జూ 7750కి చైనా నకలు ఉంటుంది, అందులో కూడా అసలు వాచీలా కనపడాలని నడిచే సెకండ్ల గుండ్రాన్ని దాని సహజమైన తొమ్మిది దగ్గర్నుంచి వేరే చోటికి జరిపినవి ఉంటాయి, అలా జరపడానికి మధ్యలో అదనంగా చక్రాలు పెడతారు, రాపిడి పెరుగుతుంది, ఆగిపోతాయి. మా పెద్దాయన ఇలాంటిది చూస్తే ముట్టుకోను కూడా ముట్టుకోరు. వీటి మీద డబ్బు పెట్టకండి, నా మాట వినండి, ఎంతకి కొన్నా సరే.

బావది ఏమైందంటే కీ దగ్గర స్క్రూలకి తుప్పు ఎక్కేసింది, కొత్త 2813, కొత్త కీ, రింగు, అంతా కలిపి పెద్దాయన పద్నాలుగు వందలు తీసుకున్నారు. పెళ్లి గుర్తని చేయించాం. గుర్తు లేకపోయుంటే నేను వద్దనేవాణ్ణి.

మళ్లీ కొనేటప్పుడు

డూప్లికేట్‌నే మళ్లీ కొంటానంటే నా ఓటు లేదు. కంపెనీ సర్వీస్ సెంటరు తీసుకోదు, గ్యారంటీ ఉండదు, ట్రేడ్ మార్క్స్ చట్టం 1999 ప్రకారం ఇలాంటివి అమ్మడం నేరం కాబట్టి రేపు నువ్వు ఎవరికైనా అమ్మాలన్నా చిక్కే, విదేశం నుంచి పార్శిల్లో తెప్పిస్తే కస్టమ్స్‌వాళ్లు ఆపేయొచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ఇచ్చిన డబ్బులో ఎంత మిషనుకి పోయింది ఎంత డయల్ మీద రాతకి పోయింది అన్నది ఎప్పటికీ తెలీదు.

ఆ ఆకారమే కావాలి అంటే హోమేజ్ అని ఉన్నాయి, ఆకారం అలాగే ఉంటుంది, పేరు మాత్రం సొంతది, పగాని డిజైన్ లాంటివి చాలా మోడళ్లలో ఎన్‌హెచ్35 వేస్తాయి, స్పేర్లు ఎక్కడైనా దొరుకుతాయి, ఎవరైనా అడిగితే సిగ్గుపడకుండా పేరు చెప్పొచ్చు. పేరున్న కంపెనీదే కావాలి, రోజూ పెట్టుకుని పదేళ్లు నడవాలి అంటే సీకో 5 లేదా సిటిజన్ ఆటోమేటిక్, సిటిజన్ త్సుయోసాలో ఉండేది 8210, అంటే 2813 ఎవర్ని చూసి కాపీ కొట్టిందో ఆ ఇంటి మిషనే, పైగా సఫైర్ గ్లాసు. కాలేజీ పిల్లలు, బైక్ మీద తిరిగేవాళ్లు, వానలో నానేవాళ్లు క్యాసియో తీసుకోండి, 1989 నుంచి అదే రూపంలో వస్తున్న ఎఫ్-91డబ్ల్యూ ఒక సెల్లుతో ఏడేళ్లు నడుస్తుంది. దానికి కూడా డూప్లికేట్లున్నాయండోయ్, కుడి పక్క బటన్ మూడు సెకండ్లు నొక్కి పట్టుకుంటే అసలుదాంట్లో కంపెనీ పేరు స్క్రీన్ మీద పడుతుంది. ఈ మధ్య కొన్ని కాపీలు అది కూడా చూపిస్తున్నాయి, కాబట్టి బిల్లున్న షాపులోనే కొనండి. పెళ్లికో రిటైర్మెంటుకో ఇవ్వడానికైతే టైటాన్, మన పక్కనే హోసూరులో చేస్తారు, ఏ ఊళ్లో అయినా షోరూము ఉంటుంది, తీసుకున్నవాళ్లు సర్వీస్ సెంటరుకి ధైర్యంగా వెళ్లగలరు, మా బావలా రాత్రి పదకొండింటికి బామ్మర్దికి ఫోను చేయాల్సిన పని ఉండదు.

నాకిష్టమైంది మాత్రం పాత హెచ్ఎంటీ. జనతా, పైలట్ లాంటివి, రోజూ పొద్దున కీ ఇవ్వాలి, 17 జ్యుయెల్స్ మిషను, రిపేరు చేసేవాళ్లు ఇంకా ఉన్నారు, పెద్దాయన వాటిని మాత్రం తిట్టకుండా చేస్తారు. హెచ్ఎంటీ వాచెస్ కంపెనీని 2016లో మూసేయాలని నిర్ణయించారు కాబట్టి ఇప్పుడు ఆన్‌లైన్‌లో పాత సరుకు పేరుతో మెరిసిపోతూ కనపడేవాటిల్లో చాలావరకు మిషను పాతది, డయల్ కొత్తగా పెయింటు వేసింది, వీటికి ముంబై స్పెషల్ అని పేరే ఉంది, పాత సీకోల్లో కూడా ఇదే వ్యవహారం. ఎరుపు, నారింజ, నెమలి రంగు డయల్ ఉండి, అక్షరాలు లావుగా అలుక్కుపోయినట్టుండి, నిమిషాల గీతలు అంచు దగ్గర సమానంగా లేకపోతే వదిలేయండి. తెల్ల డయల్, కొంచెం పసుపెక్కి, గ్లాసు మీద రెండు గీతలుండి, అమ్మేవాడు మూత తీసి మిషను ఫోటో పంపితే అప్పుడు బేరం మొదలుపెట్టండి, గ్లాసు గీతల సంగతి పైన చెప్పాగా, టూత్‌పేస్ట్ ఉంది.